టిమ్ డంకన్ గొప్పతనంలో అతనిది ఎంత, జట్టుది ఎంత?

ప్రశ్న

నేను ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటలు చూడడం మొదలుపెట్టి మూడు సీజన్లే అయింది. పాత ఆటగాళ్ల గురించి చదువుతుంటే, పవర్ ఫార్వర్డ్‌గా, అంటే రింగుకు దగ్గరగా ఆడే పొడుగాటి ఆటగాడిగా, ఆడినవారందరిలో టిమ్ డంకనే మేటి అన్న మాట పదే పదే ఎదురవుతోంది. 1997 నుంచి 2016 వరకు 19 సీజన్లూ శాన్ ఆంటోనియో స్పర్స్‌కే ఆడాడనీ, 1999, 2003, 2005, 2007, 2014లలో ఐదు టైటిళ్లు గెలిచాడనీ తెలుసుకున్నాను. అయితే అతని ఆటను ముక్కలు ముక్కలుగా కూర్చిన వీడియోలు ఎన్ని చూసినా ఆ గొప్పతనం నా కంటికి ఆనడం లేదు. బంతి అందుకుంటాడు, ఒక అడుగు వేస్తాడు, బోర్డుకు తాకించి రింగులో వేస్తాడు, ముఖంలో ఏ భావమూ లేకుండా వెనక్కి పరుగెడతాడు. గ్రెగ్ పోపోవిచ్ వంటి కోచ్ ఉండి, మొదట్లో డేవిడ్ రాబిన్సన్, తర్వాత టోనీ పార్కర్, మాను జినోబిలి తోడుగా ఉంటే, మరో మంచి ఆటగాడైనా ఇన్ని టైటిళ్లు గెలిచేవాడేమో అన్న అనుమానం నన్ను వదలడం లేదు. డంకన్‌ను తక్కువ చేసి మాట్లాడాలన్నది నా ఉద్దేశం కాదు. అతని ఆటలో దేన్ని చూడాలో తెలిసినవారు చెబితే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతాను.

మొదటి సమాధానం

మీ అనుమానానికి 2003 సీజన్ ఒక్కటే చాలా వరకు జవాబు చెబుతుంది. మీరు పేర్కొన్న ముగ్గురు సహచరులూ ఆ ఏడాది జట్టులో ఉన్న మాట నిజమే కానీ, ఎవరు ఏ దశలో ఉన్నారో గమనించండి. రాబిన్సన్‌కు అది చివరి సీజన్, వెన్నునొప్పితో అతని ఆట బాగా తగ్గిపోయింది. పార్కర్‌కు 21 ఏళ్లు నిండింది ఆ ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే సిరీస్‌లు) జరుగుతుండగానే. జినోబిలికి ఎన్‌బీఏలో అదే మొదటి ఏడాది. అటువంటి జట్టుతో డంకన్ రెండో రౌండ్‌లో, వరుసగా మూడుసార్లు విజేతగా నిలిచి వచ్చిన లేకర్స్‌ను ఓడించాడు. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ సిరీస్ ఆరో ఆటలో అతను 37 పాయింట్లు, 16 రీబౌండ్లు (తప్పిన షాట్ల నుంచి తిరిగొచ్చిన బంతిని పట్టడం) సాధించాడు. ఆ ప్లేఆఫ్స్ మొత్తం మీద 24 ఆటల్లో సగటున 24.7 పాయింట్లు, 15.4 రీబౌండ్లు, 5.3 అసిస్ట్‌లు (సహచరుడు పాయింట్లు సాధించేలా అందించిన పాస్‌లు), 3.3 బ్లాక్‌లు (ఎదుటివారి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం) నమోదు చేశాడు.

ఇక న్యూజెర్సీ నెట్స్‌తో ఫైనల్స్ ఆరో ఆటను మొదటి నుంచి చివరి దాకా చూడమని మనవి చేస్తున్నాను. అందులో డంకన్‌వి 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు, 8 బ్లాక్‌లు. మరో రెండు బ్లాక్‌లు పడి ఉంటే నాలుగు విభాగాల్లోనూ రెండంకెలకు చేరేవాడు, ఫైనల్స్ చరిత్రలో అది ఎవరికీ సాధ్యం కాలేదు. నాలుగో క్వార్టర్‌లో వెనకబడి ఉన్న స్పర్స్ అక్కడి నుంచి వరుసగా 19 పాయింట్లు సాధించింది. ఆ కొద్ది నిమిషాల్లో డంకన్ వేసిన షాట్ల కంటే, అతని మీదికి ఇద్దరు ముగ్గురు ఎగబడినప్పుడు ఖాళీగా ఉన్న సహచరుడికి బంతి ఎంత నిదానంగా అందించాడో చూడండి. అదే ఆటలో రాబిన్సన్ 13 పాయింట్లు, 17 రీబౌండ్లతో వీడ్కోలు పలికాడు కాబట్టి తోడు లేనేలేదని నేను అనను. కానీ ఆ టైటిల్ బరువును మోసిన భుజాలు డంకన్‌వే.

రెండో సమాధానం

నేను చాలా ఏళ్లుగా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్నాను కాబట్టి ఆటలోని పనితనం గురించి రాస్తాను. డంకన్ ఎక్కువగా రింగుకు ఎడమ పక్కన, బోర్డుకు సుమారు 45 డిగ్రీల కోణంలో బంతి అందుకునేవాడు. రింగు వైపు తిరిగి, బంతిని రెండు చేతులతో నుదుటి ఎత్తుకు తెచ్చి, కుడి కాలితో చిన్న అడుగు వేసేవాడు. ఎదుటివాడు ఆ అడుగుకు బెదిరి వెనక్కి తగ్గితే అక్కడి నుంచే షాట్ వేసేవాడు, తగ్గకపోతే పక్క నుంచి దూసుకుపోయేవాడు. అతని బంతి రింగును సూటిగా వెతుక్కుంటూ పోదు. రింగు వెనుక బోర్డు మీద గీసి ఉండే పెట్టె పై మూలకు తగిలి, అక్కడే వేగం తగ్గి, మెత్తగా లోపలికి జారుతుంది. ఆ కోణం నుంచి కొట్టినప్పుడు బోర్డు బంతి జోరును పీల్చుకుంటుంది కాబట్టి, కాస్త బలంగా విసిరిన షాట్ కూడా లోపలే పడే అవకాశం ఉంటుంది. ఈ షాట్ చూడడానికి సాదాగా ఉంటుందని పిల్లలు మొదట ఇష్టపడరు. వందసార్లు వేయించిన తరువాత, ఒకే చోటును మళ్లీ మళ్లీ తాకించడం ఎంత కష్టమో వాళ్లకే అర్థమవుతుంది. పట్టుమని పది కూడా వరుసగా వేయలేక నా వైపు చూస్తారు.

రక్షణలో అతని పనితనం ఇంకా సూక్ష్మమైనది, మీరు చూసిన వీడియోల్లో అది దాదాపుగా కనిపించదు. ఎదుటివాడు షాట్ వేస్తున్నట్టు నటిస్తే డంకన్ తొందరపడి ఎగిరేవాడు కాదు. చేతులు పైకి చాచి నేల మీదే నిలబడి, చివరి క్షణంలో అవసరమైనంత మేరకే లేచేవాడు. చాలామంది బ్లాక్ చేసిన బంతిని ప్రేక్షకుల్లోకి పంపి సంబరపడితే, అతను దాన్ని కోర్టులోనే ఉంచి సహచరుడికి చిక్కేలా తట్టేవాడు. ఏటా ఉత్తమ రక్షకులతో ప్రకటించే ఆల్ డిఫెన్సివ్ జట్లలో 15 సార్లు చోటు పొందినా, ఏటా ఒక్కరికే ఇచ్చే ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారం ఒక్కసారి కూడా అతనికి దక్కలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

మూడో సమాధానం

పై ఇద్దరితో నేను చాలా మటుకు ఏకీభవిస్తాను కానీ, ప్రశ్న అడిగినవారి సందేహంలోనూ న్యాయం ఉంది. 1996-97లో రాబిన్సన్ గాయాల వల్ల ఆరు ఆటలే ఆడడంతో స్పర్స్ 20 గెలిచి 62 ఓడింది. ఆ ఓటముల వల్లే డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వరుసగా ఎంచుకునే కార్యక్రమం)లో ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీలో నిలిచి, అదృష్టం కలిసొచ్చి, మొదటి ఎంపికగా డంకన్‌ను తీసుకోగలిగింది. వేరే జట్టుకు వెళ్లి ఉంటే అతని కథ మరోలా ఉండేదనడంలో అనుమానం లేదు. 2000 వేసవిలో ఓర్లాండోకు వెళ్లే అంచు దాకా వచ్చి ఆగిపోయాడు కూడా. అయితే దక్కిన జట్టును పందొమ్మిదేళ్లు నిలబెట్టుకోవడం లాటరీతో వచ్చేది కాదు. 2012లో కొత్త ఒప్పందం మీద సంతకం చేసినప్పుడు, తోటివారికి చెల్లించడానికి జట్టు దగ్గర డబ్బు మిగలాలని తన జీతం సగానికి పైగా తగ్గించుకున్నాడు.

ఆ స్థిమితం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే అతని బాల్యం తెలుసుకోవాలి. అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ క్రాయ్‌లో 1976లో పుట్టిన డంకన్ మొదట ఈతగాడు. 400 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 1992 ఒలింపిక్స్‌కు వెళ్లాలన్నది అతని కల. అక్క ట్రిషియా అప్పటికే 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈదింది. 1989 సెప్టెంబరులో వచ్చిన హ్యూగో తుపాను ఆ దీవిలో ఉన్న ఒకే ఒక్క ఒలింపిక్ స్థాయి కొలనును ధ్వంసం చేసింది. సముద్రంలో సాధన చేయమంటే సొరచేపల భయంతో అతను దిగలేకపోయాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, అతని పద్నాలుగో పుట్టినరోజుకు సరిగ్గా ఒక రోజు ముందు, తల్లి అయోనీ రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఆ తరువాత అతను ఈత పోటీల జోలికి వెళ్లలేదు.

బాస్కెట్‌బాల్ అతని చేతికి వచ్చింది ఆ దుఃఖంలోనే. ఇంత పొడుగు పెరుగుతాడని ఎవరూ అనుకోని కారణంగా, బావ అతనికి గార్డులు (రింగుకు దూరంగా ఉండి బంతిని నడిపే, సాధారణంగా పొట్టి ఆటగాళ్లు) ఆడే ఆటనే నేర్పాడు. ఆరడుగుల పదకొండు అంగుళాల మనిషికి అంత చక్కటి పాస్ ఎలా అబ్బిందని అడిగేవారికి నేను ఈ విషయమే చెబుతుంటాను. బావ కళాశాలలో ధరించిన 21వ నంబరునే డంకన్ చివరి దాకా ధరించాడు. చదువు పూర్తి చేస్తానని తల్లికి ఇచ్చిన మాట ఒకటి ఉంది. వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయంలో చేరిన రెండేళ్లకే ఎన్‌బీఏ తలుపులు తెరిచి పిలిచినా వెళ్లక, నాలుగేళ్లూ చదివి, మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నాకే 1997 డ్రాఫ్ట్‌కు వచ్చాడు. కోట్లు ఎదురుగా కనబడుతున్నప్పుడు అంత ఓపిక పట్టడం ఎందరికి సాధ్యం?

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. 2003 ఆరో ఆట నిన్న పూర్తిగా చూశాను. ఈసారి బంతిని వదిలేసి 21వ నంబరునే చూస్తూ కూర్చున్నాను. ఎదుటి జట్టువారు రింగు దాకా వచ్చి, అతన్ని చూసి, షాట్ వేయకుండానే బంతిని బయటికి పంపేయడం ఎన్నోసార్లు కనిపించింది. ఏ లెక్కల పట్టికలోనూ అది ఉండదు కదా. ఆట మొదలయ్యే ముందు అతను బంతిని రెండు చేతులా గుండెకు హత్తుకుని కళ్లు మూసుకోవడం కూడా గమనించాను. ఇక తరువాత ఏ ఆటలు చూడమంటారు?

మొదటి సమాధానం ఇచ్చినవారు

2013, 2014 ఫైనల్స్‌ను అదే వరుసలో చూడండి. 2013లో మయామీ మీద ఆరో ఆటలో డంకన్ 30 పాయింట్లు, 17 రీబౌండ్లు సాధించినా, ఆఖరి క్షణాల్లో అతను బెంచి మీద ఉండగా రే అలెన్ మూడు పాయింట్ల షాట్ వేసి స్కోరు సమం చేశాడు, ఆట అదనపు సమయంలో చేజారింది. ఏడో ఆటలో నిమిషం కూడా మిగలని వేళ, రెండు పాయింట్లు వెనకబడి ఉండగా, రింగు పక్కనే తేలికైన అవకాశం వచ్చింది. అది తప్పింది, తిరిగొచ్చిన బంతిని తట్టినా లోపలికి వెళ్లలేదు. వెనక్కి వచ్చి రెండు అరచేతులతో నేలను గట్టిగా కొట్టాడు. పదహారేళ్లు నిర్వికారంగా కనిపించిన మనిషిలో అంతకాలం ఏం దాగి ఉందో నాకు తెలిసింది అప్పుడే.

మరుసటి ఏడాది 38 ఏళ్ల వయసులో అదే మయామీ మీదికి తిరిగి వచ్చాడు, స్పర్స్ నాలుగు ఒకటి తేడాతో గెలిచింది. 2013 ఏడో ఆట చివరి నిమిషాన్ని చూసిన వెంటనే 2014 ఐదో ఆటను పెట్టుకోండి, మధ్యలో ఇంకేమీ చూడకండి.