సమస్య: "చెఱువు మీద నడిచె చెప్పుతోడ"

నిర్వాహకులు: ఈ వారం చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాల్సింది ఇదే. కరీబియన్ దీవుల విహారమే వస్తువు. కానివ్వండి.

కోనసీమ కుర్రాడు:
రేవు దాటినంత ట్రినిడాడు దీవిలో
తారు గట్టిపడియె దారి వోలె
రాచె నోడ కద్ది రాలీయు, మా తాత
చెఱువు మీద నడిచె చెప్పుతోడ

లా బ్రేలోని తారు చెరువు ఇది. దాదాపు 100 ఎకరాలు, నడుమ 75 మీటర్ల లోతు. 1595లో ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ తన ఓడల సందులు పూడ్పించింది ఈ తారుతోనే.

గోదారి శర్మ: "ట్రి" సంయుక్తాక్షరం, దాని ముందు "త" లఘువు కాక గురువైంది, గణం పోయింది. నా పూరణ చూడండి:
పొగలు గ్రక్కు సరసు పొంగక డొమినికా
దీవి లోన నెండె దిగువ వరకు
చూడవచ్చినట్టి సోకుల బావయ్య
చెఱువు మీద నడిచె చెప్పుతోడ

అక్కడి మరిగే చెరువు 2004 డిసెంబరులో నిజంగానే ఇంకింది.

పద్యప్రియ: శర్మగారూ, మీ "పొగలు గ్రక్కు"లో "లు" లఘువైతే, కుర్రాడి "త" ఎందుకు కాదు? రెండూ వేరు పదాలే కదా. పైగా ఆ చెరువు అడుగున ఉన్నది అగ్నిపర్వతపు ఆవిరి బిలం. నిండుగా ఉన్నప్పుడు అంచు నీళ్లే 80 డిగ్రీలు దాటతాయి. మరుసటి ఏడే మళ్లీ నిండింది కూడా. అలాంటి చోట బావయ్యను దింపుతారా? పోయిన నెల పిటన్ శిఖరాలను బార్బడోస్‌లో నిలబెట్టిందీ మీరే. అవి సెయింట్ లూసియావి.

గోదారి శర్మ: ఆ పిటన్ల పద్యానికి "యతి అద్భుతం" అని రాసింది ఎవరమ్మా? అయినా చెరువు ఎండితేనే కదా నడక. తారు గట్టిపడ్డాక అది నేలే, ఇక సమస్య ఎక్కడుంది?

కోనసీమ కుర్రాడు: నేల కాదండీ. ఒకేచోట కాసేపు నిలబడితే పాదం అచ్చు దిగుతుంది. మెత్తని చోట కాలే కూరుకుపోతుంది. అందుకే గైడ్ వెంట నడుస్తారు.

పద్యప్రియ: కూరుకుపోతుందన్నారు, బాగుంది! "చెప్పుతోడ" అన్న ఏకవచనాన్ని ఇద్దరూ వదిలేశారు. కుర్రాడూ, మూడో పాదం ఇలా మార్చు:
ఒకటి తారు మ్రింగ నొకటె మిగుల తాత

గోదారి శర్మ: ఇది పూరణ! పాదంలో ఒక్క చెప్పే ఎందుకుందో ఇప్పుడు తేలింది.

కోనసీమ కుర్రాడు: మరి రాలీ పోతాడే! 1595 నుంచి ఉన్నవాడండీ.

నిర్వాహకులు: రాలీకి మరో పద్యం రాయండి. నా ఓటు ఒంటి చెప్పుకే.