మహబూబ్‌నగర్‌కు ఎన్ని గళ్ళు? పొల్లు హల్లుకు సొంత గడి ఇవ్వొచ్చా, వద్దా?

నిలువు అడ్డం:
ఆదివారం మన గుంపుల వచ్చిన గళ్ళ నుడికట్టు మీద పొద్దటి నుంచి లొల్లి నడుస్తున్నది. వాట్సాప్‌ల ఒక్కొక్క లైను కొట్లాడుకునే బదులు ఇక్కడ నింపాదిగ మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్న.

చూడనోళ్ళకు ముందుగాల విషయం చెప్త. ఈ వారం శీర్షిక "ఇద్దరు ఎనమండుగురైరి". పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ రెండు జిల్లాలు 2016 అక్టోబరుల విడిపోయినయి, 2019ల నారాయణపేట వేరుపడ్డది. మొత్తం ఎనిమిదైనయి. ఆ ఎనిమిది పేర్లు గళ్ళల్ల ఉన్నయి, ఆధారాలన్నీ మాటల మడతపేచీలే. "పొద్దు పొడిచే పేట (4)" అంటే సూర్యాపేట. "లోకమంత గుట్ట (5)" అంటే భువనగిరి. ఒంటిరాతి గుట్ట మీద కోట చూసినోళ్ళకు అది చదవంగనే నవ్వొస్తది. "అడవితో మొదలయ్యే సంస్థానం (4)" వనపర్తి. ఇంతదాకా ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా అట్టడుగు వరుసల. "ప్రియమైనవాడి పట్నం (7)". మహబూబ్ అంటే ప్రియమైనవాడు, నగర్ అంటే పట్నం. జవాబు మ, హ, బూ, బ్, న, గ, ర్. అంటే బ్‌కు ఒక గడి, ర్‌కు ఒక గడి. గుంపుల ఒకాయన ఆ రెండు గళ్ళు ఖాళీగ వదిలేసి, "ర్ అనేది అక్షరమే కాదు, దానికి గడి ఎట్ల ఇస్తరు? అది 5 గళ్ళ మాట" అని రాసిండు. నేనైతే 7 గళ్ళే న్యాయం అంటున్న. మీ మాట చెప్పుండ్రి, కారణం కూడ చెప్పుండ్రి.

పానగల్ పద్యం:
ఆ ఖాళీ వదిలింది నేనే. బడిలో తెలుగు చెప్తాను కాబట్టి నా అభ్యంతరం కూడా అక్కడి నుంచే వస్తుంది.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ ఆదివారం సంచికలో ఆర్థర్ విన్ ఈ ఆటను తొలిసారి అచ్చువేసినప్పుడు గడికి ఒక లిపి గుర్తు పెట్టాడు. వాళ్ళకు అది సరిపోయింది. మనం ఆ ఆటను తెచ్చుకున్నప్పుడు గడికి ఒక అక్షరం అనుకున్నాం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ ఒక్క గడిలోనే. లక్ష్మికి రెండే గళ్ళు: ల, క్ష్మి. క్ష్మిలో మూడు హల్లులున్నా ఎవరూ మూడు గళ్ళు అడగలేదు. ఎందుకంటే మనం నోటితో పలికే ముక్కను లెక్కపెడుతున్నాం, కలంతో గీసే గీతల్ని కాదు.

మరి పొల్లు? దానికి అచ్చు లేదు. తనంతట తాను పలకదు, ముందున్న అక్షరాన్ని ఆనుకునే పలుకుతుంది. ఛందస్సు చెప్పేదీ అదే. "పూసెన్" అంటే రెండు గురువులు: పూ, సెన్. న్‌ను విడిగా మూడో అక్షరంగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ లెక్కన నగర్ రెండు ముక్కలు: న, గర్. "నగరం"లో రం ఒకే గడిలో కూర్చుంటున్నప్పుడు గర్ ఎందుకు కూర్చోదు? సున్న కూడా పలకడానికి పొల్లు లాంటిదే కదా. సున్నకొక న్యాయం, పొల్లుకొక న్యాయమా?

డిండి:
సార్ చెప్పిందాంట్ల పాయింటున్నది. కాని నా బాధ వేరే. నేను ఫోన్ల నింపుత. మహబూబ్ తర్వాత నగర్ కొట్టంగనే బ్ కింద న ఒత్తు పడి "బ్న" అయితది. అప్పుడు మ, హ, బూ, బ్న, గ, ర్ అని 6 గళ్ళైతయి. అంటే ఒక్క ఊరికి 5, 6, 7 మూడు లెక్కలు. నింపెటోడు ఏ లెక్క పట్టుకోవాలె?

మూసీగట్టు:
ఈ వారం గళ్ళు కట్టింది నేనే, కాబట్టి ఎందుకట్ల కట్టిన్నో చెప్పాలె.

డిండి తమ్మీ, బ్న అన్న లెక్క ముందే తీసెయ్యి. ఆ ఒత్తు కీబోర్డు తెచ్చింది, నోరు తెచ్చింది కాదు. బస్టాండ్ బోర్డు మీద చూసినా రెండు మాటలుగనే రాస్తరు. ఇగ మిగిలినయి 5, 7.

సారు లెక్కన 5 గళ్ళు అనుకుందాం: మ, హ, బూబ్, న, గర్. ఇప్పుడు మూడో గడికి నిలువు కట్టుండ్రి. "బూబ్" అనే ముక్క ఉన్న మాట మహబూబ్ తప్ప ఇంకోటి నాకు దొరకలేదు. "గర్" కూడ గంతే, ఇంకో నగరో, సాగరో కావాలె. అంటే పొల్లును ముందరి అక్షరానికి అంటగడితే ఆ అక్షరం కూడ పనికిరాకుండ పోతది. విడిగ పెడితే బూ బతుకుతది, గ బతుకుతది. బూకు "బూడిద" వెయ్యొచ్చు, గకు గద్వాల వెయ్యొచ్చు. ఇబ్బంది పొల్లు గడి ఒక్కదానికే.

ఆ పొల్లు గడికి కూడ తోవ ఉన్నది. పొల్లుతో ఏ మాటా మొదలు కాదు, కాబట్టి నిలువు మాట అక్కడ ఆఖరు కావాలె. అందుకే ర్‌ను కుడిచెయ్యి కింది మూలకు తెచ్చిన. పై నుంచి దిగే మాట "ఆచార్యుడు ముందు, సముద్రం వెనుక, గేట్లు 26 (7)": నా, గా, ర్జు, న, సా, గ, ర్. అడ్డం 7, నిలువు 7, ఇద్దరూ మూలల ర్ దగ్గర కలిసిండ్రు. ఇది చేతికి దొరికిన రోజు నాకు నిద్ర పట్టలే.

నడుమల బ్‌కు "వాన తిరగబడి, చివర పొల్లు తగిలించుకున్న దొర (3)" వేసిన. వానను తిరగేస్తే నవా, దానికి బ్ కలిస్తే నవాబ్. సారు లెక్కన అది న, వాబ్. అప్పుడు వాన యాడ కనబడ్తది? మడతపేచీయే పోతది.

పానగల్ పద్యం:
నవాబ్ ఆధారం బాగుంది, కాదనను. కానీ మీరు చెప్పిందంతా కట్టేవాడి సౌకర్యం. కట్టడానికి వీలుగా ఉందని భాష లెక్క మారదు.

పిల్లలమర్రి నీడ:
ఇంత కొట్లాట ఎందుకు సార్? పాలమూరు అని పెట్టుంటే నాలుగు గళ్ళు, ఏ పొల్లూ లేదు. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది గానీ, ఇప్పటికీ పాలమూరు అంటే తెలియనివాళ్ళు లేరు. నల్గొండను కూడా నల్లగొండ అని పెడితే నల్ల, కొండ రెండూ విడిగా కనబడతాయి, "నల్లగున్నా గుట్టనే (4)" అని ఆధారం రాయొచ్చు. పొల్లు వచ్చే పేర్లు పక్కన పెడితే సరిపోతుంది.

అచ్చుతో ముగిసే పేర్లలో ఎంత సంపద ఉందో చూడండి. నా పేరే తీసుకోండి. పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు. సూర్యాపేట పక్కన కాకతీయుల గుళ్ళున్న ఊరు. శృంగార శాకుంతలం రాసిన పినవీరభద్రుడి ఇంటిపేరు. "నీడ ఇస్తుంది, గుడి చూపిస్తుంది, కావ్యం రాస్తుంది (5)". పి, ల్ల, ల, మ, ర్రి. ఒక్క గడి కూడా వృథా కాదు.

నిలువు అడ్డం:
అక్కా, ఆధారం అదిరింది. వచ్చే ఆదివారానికి ఎవరైనా ఎత్తుకపోతరు జాగ్రత్త.

కాని పక్కన పెడితే సరిపోతదన్నరు, ఎన్ని పక్కన పెడ్తరు? నాగర్‌కర్నూల్, హుజూర్‌నగర్, కొల్లాపూర్, అలంపూర్, మఖ్తల్, నకిరేకల్, చౌటుప్పల్, పానగల్. మన రెండు పాత జిల్లాల బస్సు బోర్డులు చదువుకుంట పోతే సగం పేర్లు పొల్లు మీదనే ఆగుతయి. గుంటూరు, ఏలూరు, నెల్లూరు మీద గళ్ళు కట్టెటోళ్ళకు ఈ చిక్కు రాదు. మనకు వస్తది. మన ఊళ్ళను మన గళ్ళల్ల నుంచే తీసేసుకుంటమా?

ఇప్పుడు సారుకు నా జవాబు. ఈ ఊర్లనే చూడండి సార్. నకిరేకల్ అనేటోళ్ళున్నరు, నకిరేకల్లు అనేటోళ్ళున్నరు. గళ్ళు లెక్కపెట్టుండ్రి. న, కి, రే, క, ల్: 5. న, కి, రే, క, ల్లు: 5. మీ పానగల్ పా, న, గ, ల్: 4. పానగల్లు కూడ 4. కర్నూల్ 3, కర్నూలు 3. అలంపూర్ 4, అలంపురం 4. పొల్లుకు సొంత గడి ఇస్తే, చివర అచ్చు పలికినా పలకకున్నా ఊరి కొలత మారదు. అంటగడితే నకిరేకల్ 4, నకిరేకల్లు 5 అయితది. ఒక్క ఊరు రెండు పొడుగులైతది.

నాకు అర్థమైంది ఏందంటే, తెలుగు మాటకు చివర అచ్చు ఉండుడు అలవాటు. పొల్లు దగ్గర ఆగిన పేరు అంటే ఆ చివరి అచ్చు జారిపోయిన పేరు. మనిషి లేచిపోయినా కుర్చీ ఉన్నట్టు, ఆ గడి అక్కడ ఉన్నది.

మీరు ఛందస్సు అన్నరు గద, అది కూడ నా దిక్కే ఉన్నది. పూసెన్ అంటే రెండు గురువులు, నాలుగు మాత్రలు. పూసెను అంటే గురువు, రెండు లఘువులు, మళ్ళ నాలుగు మాత్రలే. అచ్చు పోయినా న్ తన మాత్ర తాను పట్టుకునే ఉన్నది. తనకు మాత్ర ఉన్నదానికి గడి ఎందుకు ఉండొద్దు?

పానగల్ పద్యం:
మాత్రల సంగతి మంచి చోట పట్టుకున్నావు బాబూ. అయితే అదే తాడు పట్టుకుని ఇంకొంచెం దూరం రా. పుస్తకం: పు, స్త, కం, మూడు గళ్ళు. పుస్తకము: నాలుగు గళ్ళు. మాత్రలు రెండింటికీ సమానమే. కం గురువు, రెండు మాత్రలు. కము రెండు లఘువులు, రెండు మాత్రలు. నీ న్యాయం ప్రకారం సున్నకు కూడా మాత్ర ఉంది, గడి ఇవ్వాలి. ఇస్తావా? నువ్వు చూపిన అలంపురమే అలంపురము అయితే 5 గళ్ళు. అక్కడ ఊరి పొడుగు మారింది కదా.

నిలువు అడ్డం:
సున్న విషయంల మీ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు సార్. ఒక్కటి మాత్రం చెప్త. సున్నను ఒంటిగ రాసి ఎవరికీ చూపియ్యలేం, అది చుట్టూ గీసిన గుండ్రం మాత్రమే అయితది. ర్ రాసి చూపిస్తే మూడో తరగతి పిల్ల కూడ చదువుతది. గళ్ళ ఆట కంటితో ఆడే ఆట కూడ గద.

కోస్గి:
మా అమ్మ ఈ గళ్ళు కంటితో ఆడదు. చత్వారం. నేను ఆధారం చదువుత, ఆమె వంట చేసుకుంట జవాబు చెప్తది. "చీరకు పేరు పడ్డ కోట ఊరు (3)" అనంగనే గద్వాల అన్నది. "విష్ణువు పేట, ఇక్కడ కూడ చీరనే (6)" అంటే వేళ్ళ మీద నా, రా, య, ణ, పే, ట అని లెక్కపెట్టి సరిపోయింది అన్నది. మహబూబ్‌నగర్ దగ్గర కూడ వేళ్ళు ముడిచింది. మ, హ, బూ, బు, న, గ, రు. 7 వేళ్ళు. ఆమె బు అన్నది, రు అన్నది, మనం పొల్లు రాసినం. లెక్క మాత్రం కలిసింది. చదువుకున్నోళ్ళు 5 అంటున్నరు, చెవితో ఆడే మనిషి 7 అన్నది. నేను అమ్మ దిక్కు.

పానగల్ పద్యం:
అమ్మగారి వేళ్ళ లెక్కకు నేను ఎదురు చెప్పను. ఇంతసేపటి వాదనలో నన్ను కదిలించింది అదొక్కటే. పలికే ముక్కను లెక్కపెట్టాలన్నది నా మాటే, ఆమె పలికి లెక్కపెట్టింది. అయినా ఆమె పలికింది రు, గడిలో ఉన్నది ర్. నా అభ్యంతరం నాకుంది.

అందుకని రెండు షరతులు అడుగుతున్నాను. ఒకటి, "పొల్లుకు సొంత గడి" అని ఆధారాల పైనే రాయాలి. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటివాళ్ళు గళ్ళు కట్టిన భాష మనది, నియమం దాచిపెట్టి గెలవడం ఆ ఆటకు తగదు. రెండు, పొల్లు ఉన్న ఏ గడీ ఒంటరిగా ఉండకూడదు. నవాబ్ లాగా నిలువు మాట ఒకటి వచ్చి దాన్ని ఖాయం చెయ్యాలి. ముఖ్యంగా అలంపూర్, అలంపురం లాంటి చోట. రెండూ 4 గళ్ళే అయినప్పుడు చివరి గడిలో ర్ రాయాలో రం రాయాలో ఇంకో మాట చెప్పకపోతే నింపేవాడికి అన్యాయం.

మూసీగట్టు:
రెండూ ఒప్పుకుంటున్న సార్. రెండోది ఈ వారమే పాటించిన, చూడుండ్రి. నాగర్‌కర్నూల్‌ల మూడో గడి ర్ మీదికి కొల్లాపూర్ దిగుతది, ఆరో గడి ల్ మీదికి నకిరేకల్. మొదటిది వచ్చే వారం నుంచి పైననే రాస్త. ఫోన్ల నింపెటోళ్ళకు కూడ ఒక మాట పెడ్త, బ్ కొట్టినంక గడి మారితే న ఒత్తు పడదు.

డిండి:
అన్నా, గట్లనే షాద్‌నగర్ కూడ కట్టొచ్చా? షా, ద్, న, గ, ర్. రెండో గడి ద్‌కు నిలువు ఏం వేస్తవు?

కోస్గి:
హైదరాబాద్ ఉన్నది గద.