కుక్కకి రక్తంలో కాల్షియం 15, లోపల గడ్డ ఉండొచ్చంటున్నారు

బ్రూనో వాళ్ళమ్మ:
మా ల్యాబ్రడార్‌కి 9 ఏళ్ళు. ఈ మధ్య ఎన్ని నీళ్ళు పోసినా తాగేస్తున్నాడు, రాత్రిళ్ళు ఇంట్లోనే పోసేస్తున్నాడు, అన్నం ముట్టట్లేదు. షుగరేమో అని టెస్ట్ చేయిస్తే షుగర్ మామూలే, కాల్షియం మాత్రం 15, ప్లేట్‌లెట్లు 90 వేలు. ట్యూమర్ ఉండొచ్చు, స్కాన్ చేద్దాం అన్నారు డాక్టర్ గారు. పైకి ఏ గడ్డా లేదు. కాల్షియానికీ గడ్డకీ ఏం సంబంధమండీ? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

చిట్టి_పప్పీ:
కంగారు పడకండి, పిడుదుల జ్వరం అయ్యుంటుంది. మా దానికీ ప్లేట్‌లెట్లు పడిపోతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో లేచి తిరిగింది.

పశువైద్యుడు_తిరుపతి:
ప్లేట్‌లెట్లు తగ్గడానికి మన దగ్గర మొదట అనుమానించాల్సింది పిడుదుల జ్వరం తెచ్చే ఎర్లికియా క్రిమినే, ఆ టెస్ట్ చేయించండి. కానీ కాల్షియం 15ని పిడుదుల మీదకి తోసెయ్యలేం. కుక్కల్లో అది సుమారు 9 నుంచి 11.5 మధ్య ఉండాలి. కొన్ని ట్యూమర్లు, రక్తంలో కాల్షియం పెంచే పారాథైరాయిడ్ హార్మోన్‌లాగే పనిచేసే ప్రోటీన్‌ని వదులుతాయి, అది ఎముకల్లోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తుంది, అలా పెరిగిన కాల్షియం వల్ల కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు, మీవాడి దాహం అందుకే కావచ్చు. ఎక్కువగా చూసేది లింఫోమా (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్), అందులోనూ టి-సెల్ అనే రకం. ఇంకోటి మలద్వారం పక్క సంచుల్లో వచ్చే క్యాన్సర్, బఠాణీ గింజంత ఉన్నా చాలు కాల్షియం పెంచేస్తుంది, లోపల వేలు పెట్టి చూస్తే తప్ప దొరక్కపోవచ్చు. అలా చూశారా లేదా అడగండి, చాలాసార్లు వదిలేసేది అదే. అడిసన్స్ జబ్బు (అడ్రినల్ గ్రంథులు హార్మోన్లు సరిగ్గా తయారు చెయ్యకపోవడం), కిడ్నీ జబ్బు, విటమిన్ డి ఉన్న ఎలుకల మందు తినడం కూడా కారణాలే, కాబట్టి ఇప్పుడే క్యాన్సర్ అని ఖాయం చేసుకోకండి. అయోనైజ్డ్ కాల్షియం (రక్తంలో విడిగా ఉండి పనిచేసే కాల్షియాన్ని కొలిచే టెస్ట్) చేయించండి, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కాన్ కూడా.

బ్రూనో వాళ్ళమ్మ:
థాంక్స్ సార్. తెలిసినాయన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వేస్తే కాల్షియం దిగుతుందన్నాడు, ఈలోగా వెయ్యొచ్చా?

పశువైద్యుడు_తిరుపతి:
వద్దమ్మా. దిగుతుంది నిజమే, కానీ లింఫోమా ఉంటే గడ్డలు తాత్కాలికంగా కుంచించుకుపోయి, సూదితో తీసిన శాంపిల్‌లో ఏమీ తేలకపోవచ్చు, తర్వాత కీమో కూడా సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. శాంపిల్ తీసేదాకా సెలైన్ పెట్టించి కిడ్నీలు కాపాడుకోవడమే, అది కూడా రేపటికి వాయిదా వెయ్యకండి, 15 అంటే కిడ్నీలు దెబ్బతినే స్థాయి. కాల్షియం సిరప్ ఏదైనా పోస్తుంటే ఈ పూటే ఆపండి. ఇంట్లో పోస్తున్నాడని నీళ్ళ గిన్నె మాత్రం తీసెయ్యకండి.