బ్రెయిలీ డిస్‌ప్లే కీలతోనే కంప్యూటర్ నడిపేవాళ్లు ఎలా చేస్తున్నారు?

ఓరుగల్లు అమ్మాయి:
తెర మీది మాటల్ని వేళ్లతో చదివే చుక్కలుగా లేపే బ్రెయిలీ డిస్‌ప్లే, ఫోకస్ 40, చేతికొచ్చి పది రోజులైంది. తెర చదివిపెట్టే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో చదవడం హాయిగా ఉంది. రాయాలంటే మాత్రం ల్యాప్‌టాప్ కీబోర్డు మీదికి వెళ్లి, మళ్లీ చుక్కల మీదికి రావాలి. మీటింగులో ఈ రాకపోకలకే సగం మాటలు పోతున్నాయి. అందుకని డిస్‌ప్లే పైనున్న, చుక్కకొకటి చొప్పున ఉండే ఎనిమిది కీలతోనే కొట్టడం మొదలుపెట్టాను. నిన్న ఆఫీసు మెయిల్‌లో పాస్‌వర్డ్ నాలుగుసార్లు తప్పని వచ్చి అకౌంట్ లాక్ అయింది. చాలా టెన్షన్ పడ్డాను. కొట్టింది సరైనదే అని ఒట్టేసి చెప్పగలను.

ఆరు చుక్కలు:
నాకూ అచ్చం ఇలాగే అయిందండీ. మీ ఇన్‌పుట్ టేబుల్, అంటే కొట్టిన చుక్కల్ని అక్షరాలుగా మార్చే పట్టిక, ఇంగ్లిష్ గ్రేడ్ 2లో, అంటే మాటల్ని కుదించి రాసే బ్రెయిలీలో ఉందేమో చూడండి. అందులో కొట్టింది అప్పటికప్పుడు పడదు. స్పేసో ఎంటరో నొక్కాకే మాటగా మారి పడుతుంది. పాస్‌వర్డ్ చివర స్పేస్ నొక్కారంటే ఆ స్పేస్ కూడా అందులో కలిసిపోతుంది. వినపడేది స్టార్, స్టార్ అనే కాబట్టి పట్టుకోలేం. పైగా బి ఒక్కటే కొడితే 'బట్' అవుతుంది, సి ఒక్కటే కొడితే 'క్యాన్' అవుతుంది.

స్పేస్ బదులు 7, 8 చుక్కలు కలిపి నొక్కండి. కొట్టింది స్పేస్ లేకుండా, ఎంటర్ లేకుండా పడుతుంది. 8 ఒక్కటే నొక్కితే పడ్డాక ఎంటర్ కూడా అవుతుంది. 7 ఒక్కటే అయితే చివర కొట్టింది చెరిగిపోతుంది. నేనైతే పాస్‌వర్డులకి గ్రేడ్ 2 జోలికే పోను. ఎనిమిది చుక్కల కంప్యూటర్ బ్రెయిలీ పెట్టుకుంటాను. గడికో అక్షరం, పెద్దక్షరానికి 7వ చుక్క కలపడం, అంతే.

ఓరుగల్లు అమ్మాయి:
గ్రేడ్ 2లోనే ఉందండీ! ఆఫీసువాళ్లు లాక్ తీశాక కంప్యూటర్ బ్రెయిలీకి మార్చి కొట్టాను. మొదటిసారికే తెరుచుకుంది. బాణాలు, ట్యాబ్ సంగతి కూడా చెప్పరూ?

ఆరు చుక్కలు:
మీ ఫోకస్‌లో స్పేస్‌తో 1వ చుక్క పైకి, 4 కిందికి, 3 ఎడమకి, 6 కుడికి. స్పేస్‌తో 4, 5 ట్యాబ్. 1, 2 అయితే షిఫ్ట్ ట్యాబ్. కీబోర్డు మీద ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్) 1 అంకె నొక్కి ఇన్‌పుట్ హెల్ప్ పెట్టుకుంటే ఏ కీ ఏం చేస్తుందో అదే చెప్తుంది, డిస్‌ప్లే కీలకి కూడా. నా డిస్‌ప్లే ఆర్బిట్ రీడర్‌లో బాణాలకి విడిగా కీలున్నాయి, అందుకని నాకు వీటి అవసరం తక్కువ.

బడిపంతులు:
తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇన్‌పుట్ టేబుల్ తెలుగుకి మార్చుకుంటే బళ్లో నేర్చుకున్న, మన దేశ భాషలకి వాడే భారతి బ్రెయిలీయే పనికొస్తుంది. అమ్మ అని రాయాలంటే 1, తర్వాత 4, ఆపైన రెండుసార్లు 1-3-4. పొల్లుకి వాడే 4వ చుక్క అక్షరానికి ముందు వస్తుంది. మామూలు కీబోర్డు మీద తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్‌లో అదే పొల్లు అక్షరం తర్వాత కొట్టాలి. నలభై ఏళ్లు పలకా పిన్నుతో రాసిన చేయి నాది, ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తు దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. డిస్‌ప్లే మీద మొదటిసారి మా అమ్మ పేరు ఆగకుండా రాసి, అదే గీత మీద వేళ్లతో చదువుకున్న రోజు నాకింకా గుర్తే.

ఒక ఇబ్బంది ఉంది. తెలుగు టేబుల్ ఉన్నప్పుడు వెబ్ పేజీలో హెడింగు కోసం 1-2-5 నొక్కితే తర్వాతి హెడింగుకి తీసుకెళ్లే హెచ్ పోదు, 'హ' పోతుంది. పేజీ కదలదు. ఎన్‌వీడీఏలో తెలుగుకి విడిగా ఒక కాన్ఫిగరేషన్ ప్రొఫైల్, అంటే విడి సెట్టింగుల కట్ట, చేసుకుని, కీలు కేటాయించే ఇన్‌పుట్ జెశ్చర్స్‌లో దానికో కీ ఇచ్చుకోండి. రాసేటప్పుడు వేసుకోవడం, అయ్యాక తీసేయడం.

గుంటూరు తమ్ముడు:
డిస్‌ప్లే కొనే స్తోమత నాకు ఇంకా లేదు. ఎన్‌వీడీఏకి ఒక యాడ్-ఆన్ వేసుకుని మామూలు కీబోర్డు మీదే ఎఫ్ డి ఎస్, జె కె ఎల్‌లని ఆరు చుక్కలుగా వాడుతున్నాను. పాత కీబోర్డులో మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే ఒకటి అందేది కాదు. అక్షరం మారిపోతుంటే తప్పు నా వేళ్లదే అనుకుని వారం బాధపడ్డాను. స్నేహితుడి కీబోర్డు పెట్టి చూస్తే అన్నీ సరిగ్గా పడ్డాయి. కొనే ముందు కొట్టులోనే ఆరూ కలిపి నొక్కి చూడండి.

ఓరుగల్లు అమ్మాయి:
పంతులుగారూ, ప్రొఫైల్ చేశాను. ఇవాళ మీటింగు నోట్సు మొత్తం తెలుగులోనే రాసుకున్నాను, చెయ్యి తీయకుండా.