అద్దె అగ్రిమెంట్‌లో ‘లాఫుల్లీ’ అని ఉంది, దాని పరిధి ఎంత?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో ఇల్లు మారుతున్నాం. ఓనరుగారు పదకొండు నెలల అగ్రిమెంట్ డ్రాఫ్టు పంపారు, అంతా ఇంగ్లీషే. అద్దె సక్రమంగా కడుతున్నంత కాలం ఆయన గానీ, ఆయన ద్వారా ‘లాఫుల్లీ’ (lawfully, అంటే చట్టబద్ధంగా) హక్కు కోరేవాళ్ళు గానీ మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని ఒక వాక్యం ఉంది.

చదవగానే మనకు అనుకూలమే అనిపిస్తుంది. మా ఆవిడకే డౌటొచ్చింది: మరి ఏ హక్కూ లేనివాడెవడో వచ్చి తలుపు బాదితే? అప్పుడు ఓనరుకు సంబంధం లేదనేగా! పైగా ఈ ఇంటి మీద బ్యాంకు లోను ఉందట.

ఈ మాట నాకు పరిచయం పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లో అక్రమ ప్రవేశం గురించిన 441 సెక్షన్‌లోనే. లాఫుల్లీ లోపలికొచ్చినవాడైనా, బెదిరించడానికో అవమానించడానికో అన్‌లాఫుల్లీ అక్కడే తిష్ఠ వేస్తే నేరం. 2024 జులై నుంచి అది కొత్త చట్టం బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 329లోకి వచ్చింది. అక్కడ అర్థం స్పష్టంగానే ఉంది, అగ్రిమెంట్‌లోనే తేలడం లేదు. బ్రోకరును అడిగితే ‘లీగల్లీ, లాఫుల్లీ అన్నీ ఒకటే సార్, సంతకం పెట్టేయండి’ అన్నాడు. ఆయనకేం, కమిషన్ వస్తే చాలు.

డ్రాఫ్టింగ్ తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. లోను కట్టకపోతే వచ్చే బ్యాంకు ఈ వాక్యం కిందికి వస్తుందా? ఆ మాట తీసేయమని అడగాలా, లేక ‘ఓనరు కుటుంబసభ్యులు, అప్పులవాళ్ళు’ అని విడిగా రాయించుకోవాలా? శనివారం సంతకాలు, కొంచెం టెన్షన్‌గా ఉంది.