ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంట్)తో వచ్చిన పోలీసులు ఇంట్లోవాళ్లకు కాగితం చూపించాలా?

ప్రశ్న (ఖమ్మం):
మా బావగారి మీద విజయవాడ కోర్టులో చెక్ బౌన్స్ కేసు నడుస్తోంది. అనారోగ్యం వల్ల ఆయన రెండు వాయిదాలకు వెళ్లలేకపోయారు. నిన్న ఆయన ఇంట్లో లేని సమయంలో ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి నాన్‌బెయిలబుల్ వారెంట్ ఉందన్నారు. మా అక్క కాగితం చూపించమంటే, "ఆయనకే చూపిస్తామమ్మా" అని వెళ్లిపోయారు. ఇది సబబేనా? పట్టుకుంటే స్టేషన్‌లో ఎన్ని రోజులు ఉంచుతారు?

జవాబు 1 (న్యాయవాది):
మీ అక్కగారికి చూపించకపోవడం మర్యాద కాకపోవచ్చు గాని, చట్టవిరుద్ధం మాత్రం కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసుల్లో అరెస్టు, విచారణ పద్ధతులను నిర్దేశించే చట్టం) 77వ సెక్షన్ ప్రకారం వారెంట్‌లోని సారాంశాన్ని అరెస్టయ్యే వ్యక్తికే తెలియజేయాలి. ఆయన అడిగితే వారెంట్‌ను చూపించి తీరాలి. అడిగితేనే అన్నది గుర్తుంచుకోండి. జడ్జిగారి సంతకం, కోర్టు ముద్ర, తండ్రి పేరు, కేసు నంబరు సరిచూసుకోవాలి, ఎందుకంటే ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరి బదులు మరొకరిని తీసుకెళ్లిన సందర్భం నాకు తెలుసు. వారెంట్ చదివి వినిపిస్తే అరెస్టుకు కారణం చెప్పినట్లేనని 2025లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది.

ఇక రోజుల తరబడి స్టేషన్‌లో ఉంచడం కుదరదు. ప్రయాణ సమయం పోను 24 గంటల లోపు కోర్టు ముందు హాజరుపరచాలి. మీ విషయంలో అరెస్టు వేరే జిల్లాలో జరుగుతుంది, విజయవాడ కోర్టు 30 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉంది కాబట్టి, ముందుగా ఖమ్మంలోనే మేజిస్ట్రేట్ ఎదుటకో, పోలీసు కమిషనర్ ఎదుటకో తీసుకెళ్లవలసి ఉంటుంది.

జవాబు 2 (రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్):
వారెంట్ చేతికి వచ్చాక దాన్ని అమలు చేయడం, మానడం మా ఇష్టం కాదు. మనిషిని తేలేకపోతే కోర్టుకు సమాధానం చెప్పుకోవలసింది మేమే. అందుకే, సర్దుబాటు చేస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా, ఎన్నాళ్లు తప్పించుకు తిరిగినా ఆ వారెంట్ బతికే ఉంటుంది. అరెస్టు చేసినవాళ్లు ఆ సంగతినీ, ఆయన్ను ఎక్కడ ఉంచారో కూడా ఇంట్లోవాళ్లకు వెంటనే చెప్పాలి. ఉంగరం, ఫోను, పర్సు వంటివి తీసుకుంటే రసీదు ఇవ్వాలి. నా సర్వీసులో ఆ రసీదును అడిగి తీసుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పోలీసులు మళ్లీ రాకముందే ఆయనే కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు 1:
వెళ్లవచ్చు, నన్నడిగితే అదే మేలు. అక్కడి వకీలు చేత రీకాల్ పిటిషన్ (వారెంట్‌ను రద్దు చేయమని కోరే అర్జీ) వేయించి, ఆసుపత్రి కాగితాలు జతచేసి, ఆయన స్వయంగా హాజరు కావాలి. పాత బాండు (కోర్టుకు హాజరవుతానని ఇచ్చిన పూచీపత్రం) రద్దయి ఉంటే కొత్త జామీనుదారులను అడగవచ్చు కనుక, ఇద్దరిని సిద్ధంగా వెంట తీసుకెళ్లండి.