సేగన్ ఈఎన్‌ఎఫ్‌జేనా, ఈఎన్‌టీపీనా? 'కాస్మోస్' పక్కనపెట్టి చెప్పండి

చుక్కలలెక్క: ఎంబీటీఐ అనే వ్యక్తిత్వ పరీక్ష మనుషుల్ని నాలుగక్షరాల టైపులుగా విడదీస్తుంది కదా, అందులో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్‌ని అందరూ కళ్లు మూసుకుని ఈఎన్‌ఎఫ్‌జే (ఎదుటివాళ్ల మనసు పట్టించుకునే టైపు) అనేస్తున్నారు. ఆధారం ఏమిటంటే ఆయన టీవీ సిరీస్ 'కాస్మోస్'లో ఆ గొంతు, ఆ ఆర్ద్రత. 1980 నాటి ఆ 13 భాగాల స్క్రిప్టులో ఆన్ డ్రూయన్, స్టీవెన్ సోటర్ చేయి కూడా ఉంది. ముగ్గురు రాసిన మాటల్ని ఒకరి ఎఫ్‌ఈ (ఎదుటివాళ్ల భావాలకు స్పందించే గుణం; టైపుల వెనకుండే ఇలాంటి గుణాల్నే ఫంక్షన్లంటారు) ఖాతాలో ఎలా వేస్తాం?

నా ఓటు కొత్త ఆలోచనలతో ఆడుకునే, వాదించే టైపు ఈఎన్‌టీపీకి. 1971లో మారినర్ 9 వ్యోమనౌక చేరేసరికి అంగారకుణ్ని ధూళి తుఫాను కమ్మేసి ఉంది. పైన గాలి వేడెక్కింది, కింద నేల చల్లబడింది. ఆ సంగతిని 1983లో అణుయుద్ధపు పొగకు అన్వయించి 'న్యూక్లియర్ వింటర్' (పొగ ఎండను అడ్డుకుని భూమి చల్లబడటం) అన్నవాళ్లలో ఆయనొకరు. ఎక్కడిదాన్నో తెచ్చి ఎక్కడో అతికించే ఈ బుద్ధే ఎన్‌ఈ, ఈఎన్‌టీపీలో ముందుండే ఫంక్షన్.

మబ్బులేనిరాత్రి: గెంతడం ఒక్కటే చూస్తున్నారు, పట్టు చూడట్లేదు. వాయేజర్ 1 వ్యోమనౌక శనిని దాటాక దానితో భూమిని ఒక్క ఫొటో తీయమని సేగన్ ఏళ్ల తరబడి అడిగారు. సూర్యుడి వైపు తిప్పితే కెమెరా పాడవుతుందని ఒక భయం, శాస్త్రానికి ఒరిగేదేమీ లేదని ఒక అభ్యంతరం. చివరికి 1990 ఫిబ్రవరి 14న, సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీశారు. భూమి ఒక పిక్సెల్ కూడా నిండలేదు. ఆయనకి కావలసిందీ అదే! బొమ్మ రాకముందే దాని అర్థం మనసులో ఉండటం ఎన్‌ఐ, అది జనానికి తగలాలనుకోవడం ఎఫ్‌ఈ. ఈ రెండూ కలిస్తే ఈఎన్‌ఎఫ్‌జేనే.

తర్కబాణం: పట్టుదల ఏ టైపువాడికి ఉండదండీ? ఎస్‌ఐ (అనుభవాన్ని నమ్ముకునే) వాళ్లకీ ఉంటుంది, టీఈ (పని సాధించే) వాళ్లకీ ఉంటుంది. ముందు స్క్రిప్టు ఉన్న సరుకు, లేని సరుకు వేరు చేయండి. 1996లో టీవీ ఇంటర్వ్యూయర్ ఛార్లీ రోజ్‌తో సంభాషణ ఉంది, అక్కడ మొదలుపెట్టండి. ఇంకోటి: 1991లో కువైట్ చమురు మంటల పొగ దక్షిణాసియా పంటల్ని దెబ్బతీయవచ్చన్న ఆయన అంచనా తప్పింది. తర్వాత తన పుస్తకంలోనే ఆ తప్పు ఒప్పుకున్నారు. మీ ఇద్దరి టైపుల్లో ఏదీ దీన్ని కాదనదు, కాబట్టి ఇది దేనికీ రుజువు కాదు. టైపింగ్‌తో వచ్చే చిక్కే ఇది. పైగా ఎం‌బీటీఐ స్కోర్లు రెండు గుట్టలుగా చీలవు, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. అందుకే మళ్లీ పరీక్ష రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది.

మబ్బులేనిరాత్రి: అక్షరాల స్కోరు వేరు, ఫంక్షన్ల వాదన వేరు. రెండూ కలపకండి.

చుక్కలలెక్క: తర్కబాణం గారు అడిగింది న్యాయమే. ఈఎన్‌టీపీకి ఎఫ్‌ఈ మూడో స్థానంలో ఉంటుంది కనుక ఆర్ద్రత చూపిస్తే నేను కదలను. స్క్రిప్టు లేని చోట, తన తర్కం గెలుస్తున్నా ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని ఆయన వాదన ఆపేసిన సందర్భాలు రెండు మూడు చూపించండి. నా ఓటు వెనక్కి తీసుకుంటా.